మన్ను మోయు దైవము

దైవమనగానే సామాన్యముగ మన మనస్సునకు స్ఫురించునది ఆజ్ఞాపించు ప్రభువు. సంకల్పమాత్రమున లోకమును నడపువాడు, జనుల భాగధేయమును నిర్ణయించువాడు. 2011వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునుండి వెలువడిన ‘ఫ్రమ్ డస్ట్’ అను వీడియో గేమునందు ఆటగాడు వహించు దైవపాత్ర మాత్రము వేఱు విధముగ నున్నది. ఆ దైవము సముద్రజలమును ఎత్తి ఎడారిలో పోయగలదు. ఇసుకదిబ్బను ఒకచోట త్రవ్వి వేఱొకచోట రాశిగ పోయగలదు. అగ్నిపర్వతము క్రక్కు లావాను పట్టి తెచ్చి ఏటికడ్డముగ కుమ్మరించి రాతికట్ట కట్టగలదు. ఐనను, తన్ను నమ్ముకొన్న పల్లెజనులలో ఒక్కనినైనను చేతితో ఎత్తి గట్టున పెట్టజాలదు. వారు పోవలసిన చోటు చూపుటయే దాని వంతు. నడక వారిది, అలసట వారిది, ఏటిలో కొట్టుకొనిపోయినచో చావును వారిదే. కావున ఈ దైవమునకు మిగిలిన మార్గమొక్కటియే: మనుష్యులను కాపాడవలెనన్నచో వారి కాళ్ళక్రింది నేలను కాపాడవలెను.

కొండను గొడుగుగ పట్టి గోకులమును వానబారినుండి కాచిన గోవర్ధనధారి కథ ఎఱిగిన మనకు, భూమిని కదల్చి పల్లెను రక్షించు దైవము అపరిచితము కాదు. అచట కొండనెత్తిన బాహుబలము ప్రధానము. ఇచటనో, నేల ఏ వైపునకు వాలియున్నది, నీరు ఏ పల్లమును వెదకుకొనును, నేడు పోసిన మన్ను రేపటి వఱదకు నిలుచునా అను విచారణ ప్రధానము. బలము ఆటగాని చేతిలో మొదటి క్షణమునుండియే యున్నది. వివేకము మాత్రము ఒకటి రెండు పల్లెలు మునిగిన పిమ్మట గాని రాదు.

ఈ జాతి ఆటలను లోకమున ‘గాడ్ గేము’లని వ్యవహరింతురు. వీనికి మూలమని చెప్పదగినది 1989లో వెలువడిన ‘పాపులస్’. ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణమున బుల్‌ఫ్రాగ్ అను చిన్న సంస్థను నడపుచుండిన పీటర్ మొలినూ దాని రూపకర్త. ఆయన సహచరుడు గ్లెన్ కార్ప్స్ కంప్యూటరు తెరపై మిట్టపల్లములతో కూడిన ఒక సుందరమైన భూభాగమును చిత్రింపగా, మొలినూ దానిమీద చిన్న చిన్న మనుష్యులను నడిపింప యత్నించెను. వారు ఎదురైన ప్రతి మిట్టకు కొట్టుకొని అచటనే చిక్కుపడుచుండిరి. అడ్డము వచ్చిన దానిని చుట్టిపోవు తెలివిని ఆ బొమ్మమనుష్యులకు నేర్పవలెనన్నచో ప్రోగ్రామింగు ప్రయాస చాల యుండెను; అంతకంటె, అడ్డమైన నేలనే క్రుంగదీయు శక్తిని ఆటగానికిచ్చుట సులభమని ఆయనకు తోచెను. ఒక ప్రోగ్రామరు శ్రమ తప్పించుకొనుటకై పట్టిన అడ్డదారినుండి ఒక సంప్రదాయమే పుట్టినది. నేలను ఎత్తుటయు దించుటయు నాటినుండి ఈ ఆటలలో దైవత్వమునకు ప్రథమ లక్షణమైనది.

కాని పాపులస్‌లోని దైవము స్వార్థపరము. ఆటగాడు నేలను చదును చేసిన కొలది ఆ చదునున గుడిసెలు ఇండ్లగును, ఇండ్లు కోటలగును, జనసంఖ్య పెరుగును. జనులు పెరిగిన కొలది దైవమునకు శక్తి పెరుగును. ఆ శక్తితో అది పొరుగుదైవమును కొలుచు జనులపై భూకంపములను, జలప్రళయములను, అగ్నిపర్వతములను పంపును. అనగా పల్లెలు దైవమునకు సైన్యము, నేల యుద్ధరంగము. ఎవరి నేల చదునో వారిది జయము. ఈ తరగతికి చెందిన అనంతరపు ఆటలు పెక్కింటియందు గూడ జనులు దైవమునకు సాధనములుగనే మిగిలిరి.

ఇరువదిరెండేండ్ల పిదప ఈ సంబంధమును తలక్రిందులు చేసినవాడు ఎరిక్ షాహీ. ఇతడు 1991లో ‘అనదర్ వరల్డ్’ అను ఆటను దాదాపు ఏకాకిగ, చిత్రములును ప్రోగ్రామును తానే వ్రాసికొని నిర్మించి, ఆటల లోకమున గొప్ప కీర్తి గడించినవాడు. 1998లో ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ అను మఱియొక ఆటను సుదీర్ఘ పరిశ్రమానంతరము ముగించి, ఆ వృత్తినుండి కొంతకాలము తొలగి, అగ్నిపర్వతములను దర్శించుటలో ఆసక్తుడయ్యెను. దక్షిణ పసిఫిక్ మహాసముద్రమున వనువాటు దేశమునకు చెందిన తన్నా ద్వీపమున యాసుర్ అను అగ్నిపర్వతము కలదు. ఎత్తున అది 400 మీటర్లకు మించదు. ఐనను శతాబ్దముల తరబడి దాని గర్భాగ్ని చల్లాఱినది లేదు. 1774లో ఆ ప్రాంతమునకు ఓడపై వచ్చిన కెప్టెన్ కుక్ ఆకసమున చూచిన ఎఱ్ఱని కాంతి ఆ కొండదే. ఆ కొండ అంచున నిలిచి కన్నులార చూచిన విస్ఫోటములు షాహీ మనస్సున నాటుకొనినవి. ప్రకృతి సుందరము, అదే సమయమున నిర్దాక్షిణ్యము; దానికి మనుష్యునియెడ ద్వేషము లేదు, ప్రేమయు లేదు. ఈ భావమును ఒక ఆటగ మలచవలెనని సంకల్పించి, యూబీసాఫ్ట్ సంస్థవారి మొంపెల్లియే కార్యాలయమున ఒక చిన్న బృందముతో ఆయన ‘ఫ్రమ్ డస్ట్’ను నిర్మించెను.

ఈ ఆటలో పోరాడుటకు శత్రుదైవము లేదు. పూర్వుల జ్ఞానమును పోగొట్టుకొని దానిని వెదకుచు దేశదేశములు తిరుగు ఒక తెగ గలదు. ముఖములకు ముసుగులు ధరించిన ఆ జనులు వాద్యము ఊది ఒక శక్తిని ఆవాహన చేయుదురు. వారు దానిని ‘శ్వాస’ అందురు. ఆ శ్వాసయే ఆటగాడు. తెరపై అది ఒక సన్నని వెలుగుపామువలె నేలమీద మెలికలు తిరుగుచు పోవును. మీట నొక్కినచో క్రిందనున్న మన్నునో, నీటినో, లావానో పీల్చి గుండ్రని ముద్దగ పట్టుకొనును. మఱియొక మీట నొక్కినచో దానిని కోరినచోట విడుచును. ఆటలోని మహిమలెల్ల ఈ రెండు క్రియలమీదనే ఆధారపడియున్నవి.

ప్రతి ప్రదేశమందును టోటెములనబడు ప్రాచీన స్తంభములు అచటచట నిలిచియుండును. ఐదుగురు మనుష్యులు ఒక స్తంభమును చేరుకొన్నచో అచట పల్లె వెలయును. పల్లె వెలసినంతనే దాని చుట్టునుండి పచ్చదనము ప్రాకి, తడబడుచు పోవు నీటి అంచులవఱకు వ్యాపించును. అన్ని స్తంభములకడను పల్లెలు వెలసిన పిదప, తెగవారికి వేఱొక దేశమునకు పోవు ద్వారము తెఱచుకొనును. చెప్పుటకు ఇంతియే. కాని మొదటి స్తంభము ఏటికి ఆవలనుండును, రెండవది ఆటుపోటులకు మునిగితేలు దీవిపై నుండును, మూడవది పొగలు క్రక్కు కొండయొడిలో నుండును. తెగవారు ఈదలేరు, ఎగురలేరు. వారికి కావలసినది కాలు మోపుటకు గట్టినేల. ఆ నేలను కల్పించుట దైవమునకు విధింపబడిన కూలిపని.

కొన్ని స్తంభములు ఆటగానికి అల్పకాలికమైన అద్భుతశక్తులను ప్రసాదించును. ఒకటి నీటిని గడ్డపెరుగువలె పేరుకొనజేయును. అప్పుడు సముద్రమును చీల్చి నడిమి త్రోవ తీయవచ్చును. ఒకటి తఱుగులేని మన్నును ఇచ్చును; ఒకటి దావాగ్నిని చల్లార్చును; ఒకటి నీటిని ఆవిరి చేయును. ఈ శక్తులన్నియు కొలది క్షణములలో ఉడిగిపోవును. మరల సమకూడుటకు వేచియుండక తప్పదు. ఇవిగాక దూరమున స్మారకశిలలు కొన్ని యుండును. పల్లెవాడొకడు ఆపదలకోర్చి శిలను చేరి, అందలి విద్యను నేర్చి తిరిగివచ్చినచో, సునామీ వచ్చినపుడు పల్లెవారందఱును వాద్యములు మ్రోగించి అలను తమ పల్లె దరి చేరనీయరు; వేఱొక విద్యచే లావానుండియు తమ్ము కాచుకొందురు. ఈ ఆటలో జనులకు అంతిమరక్షణ నిచ్చునది దైవము కాదు, వారు నేర్చుకొన్న విద్య. దైవము చేయునదెల్ల విద్యార్థి పోవు బాటలో గుంటలు పూడ్చుట.

ఈ భూభాగమింత సజీవముగ కదలుటలోని కీలకమును పాఠకులు తెలిసికొనుట ఆవశ్యకము. తెరపై మనకు కనబడునది ముందుగ గీసి పెట్టిన చిత్రము కాదు. నేలనంతను సూక్ష్మమైన గడులుగ విభజించి, ఏ గడిలో ఎంత రాయి, ఎంత మన్ను, ఎంత నీరు ఉన్నదో కంప్యూటరు ఎప్పటికప్పుడు లెక్కించుచుండును. ప్రతి గడియు తన ఇరుగుపొరుగు గడులను మాత్రమే చూచుకొనును: పొరుగు పల్లమైనచో నీరు అటు జాఱును, జాఱునపుడు కొంత మన్నును వెంటగొనిపోవును, వేగము తగ్గినచోట ఆ మన్నును దించును. నది, మెలిక, మేట, దిబ్బ అను పదములు ఆ లెక్కలలో ఎచటను లేవు. ఐనను చూచుచుండగనే నది పుట్టును, మెలికలు తిరుగును, మేటలు వేయును. ఇట్టి గడులలెక్కకు గణితశాస్త్రమున ఒక పూర్వచరిత్ర గలదు. 1940 ప్రాంతములలో వాన్ నాయ్‌మన్, ఉలామ్ అను పండితులు ఈ భావమునకు బీజము వేసిరి. 1970లో బ్రిటిష్ గణితవేత్త జాన్ కాన్వే ‘గేమ్ ఆఫ్ లైఫ్’ను కల్పించెను. అందు ప్రతి గడికి ఎనిమిది పొరుగుగడులు. సజీవమైన గడికి రెండో మూడో సజీవమైన పొరుగులున్నచో అది బ్రతుకును, లేనిచో నశించును. ఖాళీగడికి సరిగా మూడు సజీవమైన పొరుగులున్నచో అందు ప్రాణము పుట్టును. ఈ కొలది నియమములనుండియే కదలునవి, కంపించునవి, పెరుగునవి యగు విచిత్రాకృతులు అసంఖ్యాకముగ ఉద్భవించుటను చూచి లోకము అబ్బురపడెను. ఫ్రమ్ డస్ట్‌లోని భూమియు ఆ కోవకు చెందినదే: నియమములు స్వల్పము, పరిణామములు అనూహ్యము.

ఈ అనూహ్యతయే ఆటకు ప్రాణము. కొండవాగు ఒకటి పల్లెమీదికి దూకుచున్నదనుకొనుడు. ఆటగాడు తొందరపడి మన్ను తెచ్చి అడ్డుకట్ట వేయును. వాగు నిలుచును, కాని నీరు ఎచటికి పోవును? కట్ట వెనుక చెఱువై నిండును, నిండి అంచులు పొర్లును, పొర్లినచోట మన్ను కోసికొనిపోయి గండి పడును. గంటలకొలది సన్నని పాయగ పాఱవలసిన నీరంతయు ఒక్క క్షణమున ఊరిమీద పడును. అడ్డుకట్ట వేయకున్నచో తడిసిపోవు పల్లె, వేసినందువలన కొట్టుకొనిపోవును. తెలిసిన ఆటగాడు వాగుకు ఎదురు నిలువడు. ఎగువననే దానికి మఱియొక త్రోవ త్రవ్వి సముద్రమువైపునకు నడిపించును. ఇంకను తెలిసినవాడు లావాను తెచ్చి వాగులో చల్లార్చి శిలగ మార్చును. శిలను నీరు అంత సులభముగ కోయజాలదు. కాని శిలమీద పచ్చిక మొలవదు. లావా తెచ్చు త్రోవలో ఒక బొట్టు పచ్చదనముపై పడినను దావానలము రేగి గుడిసెలను చేరును. మంట సోకినపుడు తాము దాచుకొన్న నీటిని చిమ్ము చెట్లు కొన్ని, తామే నిప్పులు వెదజల్లు చెట్లు కొన్ని, వేడికి ప్రేలి బండలను బ్రద్దలు చేయునవి కొన్ని గలవు. ఏ మేలును ఒంటరిగ రాదు. దాని వెంట ఒక కీడు నీడవలె వచ్చుచుండును.

ఇది కల్పనాలోకపు నీతి మాత్రమే యనుకొనువారికి ఇటలీ దేశపు చరిత్ర సమాధానము చెప్పును. 1669లో ఎట్నా పర్వతము పగిలి లావాప్రవాహము కటానియా నగరమువైపు సాగెను. దియేగో పప్పలార్దో అను వాని నాయకత్వమున నగరవాసులు కొందఱు తడిపిన పశుచర్మములు కప్పుకొని, ఇనుపగునపములతో ప్రవాహపు ప్రక్కగోడను పగులగొట్టిరి. లావా దారి మళ్ళెను. మళ్ళి పతెర్నో పట్టణమువైపు తిరిగెను. పతెర్నో జనులు ఆయుధపాణులై వచ్చి ఆ పనిని అడ్డగించిరి. గండి పూడెను, లావా తుదకు కటానియాను చేరెను. ఒక ఊరికి రక్ష యనిపించినది మఱియొక ఊరికి ప్రళయమగుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకదు. నదులకు ఒకదరిని కరకట్ట ఎత్తు చేసినపుడు ఎదుటిదరివారికి కలుగు కలవరమును ఎఱిగిన డెల్టావాసులకు ఈ కథ వింతగ తోపదు.

మేలు చేకూరిన సందర్భములును లేకపోలేదు. 1973 జనవరి 23వ తేదీ తెల్లవారుజామున ఐస్‌లాండుకు చెందిన హేమాయ్ ద్వీపమున ఊరిచెంతనే భూమి చీలి అగ్ని ఎగసెను. సుమారు 5,300 మంది జనులు ఆ రాత్రియే చేపలపడవలలో దేశపు ప్రధానభూభాగమునకు తరలిరి. ఆ ద్వీపమునకు జీవనాధారమైన ఓడరేవు ముఖద్వారమువైపు లావా మెల్లమెల్లగ సాగుచుండగా, సముద్రజలమునే పంపులతో ఎత్తి నెలల తరబడి దానిపై కుమ్మరించిరి. ఆ విధముగ పోసిన నీరు సుమారు 60 లక్షల ఘనపు మీటర్లు. ప్రవాహపు అంచు చల్లబడి గడ్డకట్టి తనకు తానే గోడయై నిలిచెను. కొన్ని వందల ఇండ్లు నశించినవి. ద్వీపమునకు రెండు చదరపు కిలోమీటర్లకు పైగ క్రొత్తనేల చేరినది. రేవు మిగిలినది, మునుపటికంటె గాలితాకిడి తక్కువగ గల రేవుగ మిగిలినది. లావాను నీటితో శిలగ మార్చి దానినే ఆనకట్టగ వాడుకొను ఉపాయము ఆటలో మొదట చూచినవారు అది కల్పన యనుకొందురు. హేమాయ్ ప్రజలు దానిని అంతకు ముప్పది ఎనిమిదేండ్ల ముందే చేసి చూపిరి.

గుణములను చెప్పిన నోటితో దోషములను గూడ చెప్పుట విమర్శధర్మము. ఈ ఆటలోని పల్లెజనుల దారితెలివి మిక్కిలి తక్కువ. ఎదుట చదునైన బాట యుండగా దానిని వదలి కొండ చుట్టును తిరిగి పోవుదురు. అల్పమైన వాలును చూచి త్రోవ లేదని కేకలు వేయుదురు. ఆపద దరిజేరువఱకు ఒకచోటనే నిలిచియుందురు. ఆట వెలువడిన నాడే విమర్శకులు పెక్కుమంది ఈ లోపమును ఎత్తిచూపిరి. పాపులస్ పుట్టుకకు కారణమైన చిక్కే ఇన్నేండ్ల తరువాతను తీరకపోవుట విశేషము. మఱియును, కథ కొలదిగంటలలోనే ముగిసిపోవును. సముద్రమునుండి భూమిని యథేచ్ఛగ సృష్టించుకొను స్వాతంత్ర్యము చివరి అంకమునగాని లభింపదు. అందు రుచి మరగు వేళకు ఆట ముగియును. ప్రకృతి విలాసమునే సావకాశముగ చూడగోరు రసికునకు, ఒకదానివెంట ఒకటిగ తఱుముకొనివచ్చు సునామీలు ఆ సావకాశము నీయవు.

ఐనను తూచి చూచినపుడు గుణములవైపే త్రాసు మొగ్గును. గాడ్ గేములలో నేల ఎల్లప్పుడును సాధనముగనే యుండెను. ఇందు నేలయే నాయకపాత్ర. అధికారమును రుచిచూపు ఆటలు కొల్లలు. అధికారమునకు గల హద్దును రుచిచూపునవి అరుదు. కొండలను కదల్చగలవాడు సైతము పల్లపు నీటికి లోబడియే పని చేయవలెనని ఎట్టి ఉపన్యాసము లేకుండనే ఇది మనచేత గ్రహింపజేయును. కత్తులు, తుపాకులు లేవు. ఓడింపవలసిన శత్రువు లేడు. భాష రానివారికి సైతము ఆట అర్థమగును. కావున పిల్లలతో కూర్చుండి ఆడదగినది. వారు మొదట చేయు పని నీటికడ్డముగ మన్ను పోయుటయే యగును. పెద్దలు వారింపక, కట్ట తెగువఱకు వేచియుండి, నీరు ఎందుకటు వచ్చినదని మాత్రము అడుగవలెను. భూగోళశాస్త్రమున వాలు, కోత, మేట, డెల్టా అను పాఠములను చెప్పు ఉపాధ్యాయులు తరగతిలో ఒక గంటసేపు ఈ ఆటను చూపినచో, నల్లబల్లపై గీతలతో తెలియజెప్పుట దుర్ఘటమైన సంగతులు విద్యార్థులకు కరతలామలకములగును.